కుడి చుట్టు నత్త

నా పేరూ చిరునామా పైన రాసుకున్నారు. నా వయసు యాభై తొమ్మిది. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. చేరినప్పటి నుంచి అదే కాలేజీ, అదే గది. మేడ మీద చివరిది, కుళాయి కారుతూ ఉండే గది. పిల్లలు నన్ను నత్తల మేడమ్ అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు వట్టి మేడమ్ అంటారు. వచ్చే వేసవిలో రిటైరవుతాను. నా మీద ఇంతకు ముందు ఏ కేసూ లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. టీ ఇచ్చారు, తాగాను. దాన్ని ఆశ పెట్టడం కింద రాయనక్కర్లేదని అధికారి గారు అన్నారు.

నా మీద ఇచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. అర్థమైంది. ఒక పెద్ద పరిశోధనా సంస్థ డైరెక్టరు గారు పద్దెనిమిదేళ్ళ క్రితం ఇంగ్లీషులో రాసిన వ్యాసాన్ని నేను మన భాషలోకి దించుకున్నానట. ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి పత్రికలో వచ్చినట్టు దొంగ తేదీ వేసి, మా బావగారి ప్రెస్సులో అచ్చు కొట్టించి, అది నాదేనని చూపించానట. మా బావగారిని రెండో ముద్దాయిగా చేర్చారు. ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు.

ఇది రుజువైతే నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఎలాగూ కొన్ని నెలల్లో దిగిపోయేదాన్నే. నేను దొంగనని రాసిన కాగితం ఒకటి మిగిలిపోతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు దాన్ని చదువుతారు. నా భయం అదొక్కటే. ఈ మాట రాయండి.

జరిగింది మొదటి నుంచి చెబుతాను.

కాలేజీ వెనక కాలువ ఉంది. కాలువకు రాతి గోడ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వరసగా మూడు వానాకాలాలు ఆ గోడ దగ్గర నిలబడ్డాను. వాన పడే ముందు రోజు నత్తలు గోడ ఎక్కుతాయి. చినుకులైతే మోకాలెత్తు దాకా ఎక్కి ఆగుతాయి. కాలువ పొంగేంత వాన వచ్చేటట్టయితే మనిషి నడుం దాటి ఎక్కుతాయి. గోడకు రంగు గీతలు పెట్టి కొలిచాను. దారిన పోయేవాళ్ళు నాకు మతి చలించిందనుకునేవారు. ఒకావిడ మా అక్కకు కబురు కూడా పంపింది. మా అక్క గొడుగు తీసుకుని వచ్చి, నత్తల్ని చూసి, నన్ను చూసి, గొడుగు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

అప్పట్లో మన భాషలో ఒక సైన్సు పత్రిక వచ్చేది. టీచర్లు, పొలం పనులు చూసే ఉద్యోగులు, కాలువ తలుపులు ఎత్తేవాళ్ళు చదివేవారు. నేను కనుక్కున్నది వాళ్ళకు పనికొస్తుందని వాళ్ళు చదివే పత్రికకే ఇచ్చాను. ఇంగ్లీషులో రాయడం చేతకాక కాదు. ఇది కూడా రాసుకోండి, ఎందుకంటే కాలేజీ వేసిన విచారణ సంఘం వాళ్ళు నన్ను మొదట అడిగింది అదే.

వ్యాసంతో పాటు నత్త బొమ్మ ఒకటి ఇచ్చాను. బొమ్మ నేనే గీశాను. ఏదో ఒక నత్త అని గీయలేదు, ఒక్క నత్తను ఎదురుగా పెట్టుకుని గీశాను. దాని గుల్లకు చిన్నప్పుడెప్పుడో దెబ్బ తగిలి మానింది. మానిన చోట దువ్వెన పళ్ళలా మూడు గీతలు పడ్డాయి. ఆ గీతలు కూడా గీశాను. నత్త పోయాక గుల్లను దూదిలో చుట్టి సుద్దముక్కల డబ్బాలో దాచాను. ఇప్పుడు మీ బల్ల మీద, రాస్తున్న కానిస్టేబుల్ గారి మోచేతి పక్కన ఉన్నది ఆ గుల్లే.

గుల్లను మొన పైకి, నోరు మన వైపుకు ఉండేలా పట్టుకోవాలి. నోరు కుడి పక్కన ఉంటే కుడి చుట్టు నత్త. ఎడమ పక్కన ఉంటే ఎడమ చుట్టు నత్త. మా కాలువ గోడ మీద ఉండేవి కుడి చుట్టువి. ఇన్నేళ్ళలో నేను వేరే రకం చూడలేదు. వ్యాసంలో కూడా కుడి చుట్టు అనే రాశాను.

ఆ పత్రిక అచ్చయ్యేది మా బావగారి ప్రెస్సులో. బావగారంటే మా అక్క భర్త. పేజీలో బొమ్మ అతికించేటప్పుడు ఆయన బొమ్మ ఫిల్మును తిరగేసి అతికించారు. ఫిల్ము గాజులా ఉంటుంది, ఏ వైపు నుంచి చూసినా బొమ్మ స్పష్టంగానే కనిపిస్తుంది. బొమ్మలో ఒక్క అక్షరం ఉన్నా తిరగబడిందని తెలిసిపోయేది. అక్షరం లేదు. పత్రిక చేతికొచ్చాక చూస్తే నా నత్త ఎడమ చుట్టు అయిపోయింది. పక్క పేజీలో నేనే కుడి చుట్టు అని రాశాను, ఈ పేజీలో నా బొమ్మే కాదంటోంది.

నేను ప్రెస్సుకు వెళ్ళి గోల చేశాను. వచ్చే సంచికలో సవరణ వేయమన్నాను. "నా ప్రెస్సులో తప్పు పడదు" అన్నారు బావగారు. బొమ్మ చూపించాను. "నువ్వే అలా గీసి ఉంటావు" అన్నారు. ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. సంపాదకుడు గారు మెత్తని మనిషి, ప్రెస్సుకు బాకీ ఉన్న మనిషి, ఆయన కిక్కురుమనలేదు. సవరణ పడలేదు. తర్వాత రెండేళ్ళకు పత్రిక మూతపడింది. అక్క కోసం నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బావగారూ ఎత్తలేదు. ఇంటికి వెళ్తే అన్నం పెడతారు, ఆరోగ్యం అడుగుతారు, నత్తల ఊసు మాత్రం రానివ్వరు.

డైరెక్టరు గారు నాకు ఎలా తెలుసని అధికారి గారు అడిగారు. ఆయన డైరెక్టరు కాకముందు మా కాలేజీకి పరీక్షలు చేయించడానికి వచ్చారు. ఆయనది లెక్కల వైపు చదువు. ఆయన మాట్లాడేది కూడా మన భాషే. నా గదిలో కూర్చుని నా వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివి, "అమ్మా, ఇది మామూలు పని కాదు" అన్నారు. నాకు చాలా సంతోషమైంది. గోడ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరం నుంచి చూశారు. ఒక నత్తను తీసి చేతిలో పెట్టబోతే, "వద్దమ్మా, నాకు జిగురు పడదు" అన్నారు. పత్రిక కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు.

రెండేళ్ళకు ఆయన ఇంగ్లీషు వ్యాసం వచ్చింది. నత్తలు, గోడ, వాన. అందులో నా పేరు లేదని విన్నాను. చదివితే కడుపు రగులుతుందని చదవలేదు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేసి ఉండాల్సిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. అప్పుడు చేసి ఉంటే ఎవరు వినేవారో ఆ అనేవాళ్ళే చెప్పాలి.

ఇక మా కాలేజీ సంగతి. మూడేళ్ళ క్రితం మెట్ల దగ్గర గోడకు టీవీ పెట్టారు. అందులో మా పేర్లూ, పేరు పక్కన ఒక అంకె తిరుగుతూ ఉంటాయి. మన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఆ సైటేషన్ల లెక్క అది. వ్యాసాలు వెతికిపెట్టే సైటు ఒకటుంది, లెక్కంతా అక్కడి నుంచే వస్తుంది. కెమిస్ట్రీ వాళ్ళు నలుగురూ ఒకరి వ్యాసంలో ఒకరిని పేర్కొనేలా మాట్లాడుకున్నారు. వాళ్ళ అంకెలు వందలు దాటాయి. నా అంకె రెండు. అందులో ఒకటి నన్ను నేనే పేర్కొన్నది. రెండోది బోటనీ ఆవిడ జాలిపడి పేర్కొన్నది. నేను అదేం పట్టించుకోలేదంటే అబద్ధమవుతుంది. పట్టించుకున్నాను. పట్టించుకున్నట్టు కనపడకుండా మెట్లెక్కేదాన్ని.

ఆ సైటులో నత్త, గోడ, వాన అని కొడితే పైన డైరెక్టరు గారి వ్యాసం వస్తుంది. దాని కింద దాన్ని పేర్కొన్నవాళ్ళ వ్యాసాలు వస్తాయి. ఎక్కువమంది పేర్కొన్నది పైకి వస్తుంది. పైన కనపడింది కాబట్టి దాన్నే ఇంకొంతమంది పేర్కొంటారు. మన భాషలో రాసినది ఎన్ని పేజీలు తిప్పినా రాదు. నిరుటి దాకా ఆ సైటుకు మన అక్షరాలు చదవడం రాదు. నిరుడు లైబ్రరీ వాళ్ళు ఆ పాత పత్రికలన్నీ స్కాన్ చేసి ఎక్కించారు. ఎక్కించాక అసలు కాపీల్ని బరువు తూచి అమ్మేశారు. సైటు మాత్రం ఎక్కించిన తేదీనే అచ్చయిన తేదీగా రాసుకుంది. అలా నేను ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో రాసినది నిరుడు రాసినదైంది.

రిటైరయ్యే ముందు ఎవరి వ్యాసాలు వాళ్ళు కాలేజీకి అప్పజెప్పాలన్నారు. నా వ్యాసం కూడా ఇచ్చాను. వాళ్ళు దాన్ని పోలికలు పట్టే యంత్రంలో వేశారు. పాతది డైరెక్టరు గారిది, కొత్తది నాది, భాషలు వేరైనా రెండూ ఒకటే అని యంత్రం చెప్పింది.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. ఆయన నా దగ్గరే చదువుకున్నారు. కప్పను కోయమంటే కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లవాడు. మొహం మీద నీళ్ళు చల్లింది నేనే. ఆ రోజు ఆయన మొహం మళ్ళీ అలాగే ఉంది.

"మేడమ్, మీరు ఇలాంటి పని చేస్తారంటే నేను నమ్మను" అన్నారు.

"నమ్మనివాడివి పిలిచావెందుకు నాయనా?" అన్నాను.

"సిస్టమ్ చూపిస్తోంది కదా మేడమ్, మీది నిరుటిదని."

"పత్రిక అట్ట మీద ఏడాది వేసి ఉంది. నా ఇంట్లో రెండు కాపీలున్నాయి."

"అట్ట మీద ఎవరైనా ఏమైనా వేసుకోవచ్చంటున్నారు మేడమ్. పైగా ప్రెస్సు మీ సొంత బావగారిదాయె. డైరెక్టరు గారిని ఎనిమిది వందల పన్నెండు మంది పేర్కొన్నారు. మీ ఈ వ్యాసాన్ని ఒక్కరంటే ఒక్కరు పేర్కొనలేదు. అంతమందీ పొరపాటు పడతారా, మీరే చెప్పండి?"

క్షమాపణ పత్రం టైపు చేయించి ఉంచారు. "ఒక్క సంతకం పెట్టేయండి మేడమ్. గుట్టుగా రిటైరైపోదురు గాని. డైరెక్టరు గారితో నేను మాట్లాడతాను" అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. అందులో నాకు అనుమానం లేదు. నేను పెన్ను మూత కూడా తీయలేదు. అందుకే తర్వాత విచారణ సంఘం వేశారు, అక్కడి నుంచి ఫిర్యాదు ఇక్కడి దాకా వచ్చింది. ఆ రోజు డైరెక్టరు గారి వ్యాసం ప్రింటు తీసి ఇమ్మని అడిగి, తీసుకుని ఇంటికి వచ్చాను.

అది మొదటిసారి పూర్తిగా చదివాను. నా కొలతలే. నా గోడే. నాలుగో పేజీలో బొమ్మ ఉంది. నా నత్తే. మూడు పళ్ళ గీతలతో సహా నా నత్తే, కాకపోతే తిరగబడిన నత్త. బొమ్మ కింద 'ఇది ఎడమ చుట్టు జాతి' అని రాసి ఉంది. నేను మాటల్లో కుడి అని రాశాను, బావగారి బొమ్మ ఎడమ అంది. ఆయన బొమ్మను నమ్మారు. నత్తను చేతిలోకి తీసుకుని ఉంటే తెలిసేది. ఆయనకు జిగురు పడదు.

ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత ఆయనను పేర్కొన్నవాళ్ళ వ్యాసాలు దొరికినవన్నీ తెప్పించుకుని చదివాను. నలభైకి పైగా చదివాను. అన్నిటిలో ఎడమ చుట్టు. ఒకరు ఎడమ చుట్టు ఎందుకు వచ్చిందో కారణాలు కూడా రాశారు. ఒక్కరూ గోడ దాకా వెళ్ళలేదు. ఒక్కరూ గుల్ల ఎత్తి చూడలేదు.

బొమ్మ తిరగబడింది ప్రెస్సులో అని రుజువైతేనే డైరెక్టరు గారి బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో రుజువవుతుంది. ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. నిన్న ఆదివారం పొద్దున ప్రెస్సుకు వెళ్ళాను. ప్రెస్సు వెనక గదుల్లోనే వాళ్ళ ఇల్లు. బావగారికి డెబ్బై ఆరేళ్ళు. ఇప్పుడు రసీదు పుస్తకాలూ కరపత్రాలూ వేస్తున్నారు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

"బావగారూ, ఫిల్ము తిరగబడింది మీ చేతుల్లోనే అని మీరు చెప్పాలి" అన్నాను.

"నా ప్రెస్సులో తప్పు పడదు" అన్నారు.

మా అక్క గుమ్మంలో నిలబడి బట్టలు మడత పెడుతోంది. "పడదే. తప్పులన్నీ ఇంట్లోనే చేస్తారు మీ బావగారు" అంది.

"నువ్వుండు కాస్త" అని ఆమెను కసురుకుని, నాతో, "దొంగ అచ్చు వేశానని ఇప్పటికే కేసు పెట్టారు కదా. ఆ పైన చేతకాని అచ్చు కూడా వేశానని నా నోటితో నేనే చెప్పాలా? ఈ వయసులో?" అన్నారు.

నేను వాదించలేదు. తీసుకెళ్ళిన వ్యాసాలు ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఫిల్ము చూసే భూతద్దం తీసి, అలవాటు కొద్దీ ముందు కాగితం అంచులు చూసి, తర్వాత బొమ్మ చూశారు.

"ఇదీ ఎడమేనా?" అన్నారు.

"అదీ ఎడమే."

"ఇది?"

"అదీ అంతే."

"ఎంతమంది వేశారు ఇలా?"

"ఎనిమిది వందల పన్నెండు మంది ఆయన్ని పేర్కొన్నారు. నేను చూసినంతలో అందరూ ఎడమే అన్నారు."

"అందరూ చదువుకున్నవాళ్ళేనా?"

"అందరూ డాక్టరేట్లే బావగారూ."

ఆయన భూతద్దం కింద పెట్టారు. "ఒక్కడు కూడా ప్రూఫు చూడలేదటే!" అని అరిచారు. ప్రెస్సులో పనిచేస్తున్న మనిషి మెషీను ఆపి మరీ చూశాడు. బావగారు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. అక్క చేతిలో బట్ట మడత పడకుండా అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆయన అన్న మాటలు గుర్తున్నంతవరకు ఇవి: "నేనే తిరగేసి అతికించాను. ప్లేటెక్కించాక చూసుకున్నాను. అప్పటికి సగం కాపీలు పడిపోయాయి. ఆపి మళ్ళీ చేస్తే కాగితం దండగ. నత్తే కదా, ఎటు తిరిగితే ఏముందిలే అనుకున్నాను. నువ్వు వచ్చి గోల చేయకముందే నాకు తెలుసు."

నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయనకు తెలియదనుకుని నేను ఊరుకున్నాను. అయినా ఆ మొహం చూస్తే కోపం నిలబడలేదు. అక్క మాత్రం, "రేపు ఇస్త్రీ చొక్కా తీసి పెడతాను, స్టేషన్‌కి పదండి" అంది. ఈ రోజు ఆయన వేసుకొచ్చింది అదే చొక్కా.

ఈ ఉదయం ఇక్కడికి వచ్చాక అధికారి గారు గుల్ల తీసుకుని వరండాలో చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం ముందు నిలబడ్డారు. ఒక చేత్తో గుల్ల, ఇంకో చేత్తో డైరెక్టరు గారి వ్యాసం పట్టుకున్నారు. అద్దంలో గుల్లను చూశారు, కాగితం మీద బొమ్మను చూశారు. మూడు గీతలూ లెక్కపెట్టారు. "అద్దంలో ఉన్నదే కదండీ ఇది" అన్నారు. నేను అవునన్నాను. ఇన్నాళ్ళలో ఆ గుల్లను చేతిలోకి తీసుకుని చూసిన మొదటి మనిషి ఆయనే. అందుకు నాకు కృతజ్ఞత ఉంది. ఇది కూడా రాయండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. డైరెక్టరు గారికి శిక్ష పడాలని నేను అడగడం లేదు. ఆ వ్యాసం నాదని, ఆ నత్త నాదని, మా బావగారు దొంగ అచ్చు వేయలేదని తేలితే చాలు.

తర్వాత కానిస్టేబుల్ గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం, 'మా కాలువ గోడ మీద ఉండేవి ఎడమ చుట్టువి' అని ఉంది. ఆపమన్నాను. నేను కుడి అన్నానని చెప్పాను.

"మీరు కంగారులో అన్నారేమో అనుకున్నా మేడమ్" అన్నారాయన. "సరి చూద్దామని సెల్లులో కొట్టి చూశాను. అన్నిట్లోనూ ఎడమ అనే వచ్చింది. కేసులో మీకు ఇబ్బంది కాకూడదని సరిచేసి రాశాను."

గుల్ల ఆయన మోచేతి పక్కనే ఉంది. నేను కోప్పడలేదు. గుల్ల ఆయన చేతికిచ్చి, మొన పైకి పెట్టి పట్టుకోమన్నాను. నోరు ఏ పక్కన ఉందో చెప్పమన్నాను. ఆయన కాసేపు చూసి, తన కుడి చెయ్యి ఏదో ఒకసారి సరిచూసుకుని, "కుడి మేడమ్" అన్నారు. ఎడమ అన్న మాట కొట్టేసి, పైన కుడి అని రాశారు.

కొట్టేసిన చోట నేనూ రాసిన ఆయనా సంతకాలు పెట్టాలని అధికారి గారు చెప్పారు. ఇంకొక సంతకం కూడా కావాలని నేను అడిగాను. మూడోది అవసరం లేదన్నారు. నాకు అవసరమని చెప్పాను. ఆయన ఒక క్షణం నా వైపు చూసి, బయటికి కబురు చేశారు.

బావగారు లోపలికి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదివారు. గుల్లను తీసుకుని, వాక్యం పక్కన పెట్టి మరోసారి చూశారు. ప్రూఫు దిద్దేటప్పుడు పెట్టే గీత ఒకటి మార్జిన్‌లో పెట్టి, దాని పక్కన సంతకం చేశారు. పెన్ను ఇచ్చేస్తూ, "ఇప్పుడు సరిగ్గా పడింది" అన్నారు. నా వైపు చూడలేదు.

పైన రాసినదంతా నా నోటి నుంచి వచ్చిందే. చదివి వినిపించగా విన్నాను. తప్పుగా పడిన ఒక్క మాట నా ఎదుటే సవరించారు. ఇప్పుడు అంతా నిజం.

(సంతకం) వాంగ్మూలం ఇచ్చినవారు, జంతుశాస్త్ర అధ్యాపకురాలు

(సంతకం) రాసినవారు

సవరణ: ఒక మాట. 'ఎడమ' కొట్టివేసి 'కుడి' అని చేర్చడమైనది.

(సంతకం) సవరణ చూసినవారు, ప్రెస్సు యజమాని